సూర్యాపేట దాటాక చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. ఆపాలా, పోవచ్చా?

ఉప్పల్_కోకిల | శనివారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. తెలిసినవాళ్ళు కొంచెం తొందరగా చెప్పండి. ఉదయం ఆరున్నరకి ఉప్పల్‌లో బయల్దేరాం, గుడివాడ వెళ్ళాలి. రేపు మా పెద్దమ్మ వాళ్ళ గృహప్రవేశం. కారులో మా అమ్మ, ఇద్దరు పిల్లలు, నేను. డ్రైవింగ్ నాదే. పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 2018 మోడల్, నాలుగు సిలిండర్ల ఇంజిన్, 71 వేల కిలోమీటర్లు తిరిగింది.

సూర్యాపేట దాటిన పది నిమిషాలకి మీటర్ బోర్డులో ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలిగింది. పక్కకి ఆపి, ఇంజిన్ కట్టేసి, మళ్ళీ స్టార్ట్ చేశాను. పోలేదు. బండి మామూలుగానే నడుస్తోంది. ఇప్పుడు ఒక హోటల్ ముందు ఆగి టిఫిన్ చేస్తున్నాం. అమ్మ బాగా కంగారు పడుతోంది, నాకూ టెన్షన్‌గానే ఉంది. ఇలాగే వెళ్ళొచ్చా? వెనక్కి సూర్యాపేట వెళ్ళి చూపించుకోవాలా?


ఆటోనగర్_పాతకాపు | 9:20

అమ్మా, ముందు కంగారు పడకండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో 26 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. నాలుగు సంగతులు చూసి చెప్పండి. లైటు నిలకడగా వెలుగుతోందా, కొట్టుకుంటోందా, అంటే ఆరుతూ వెలుగుతూ ఉందా? వేరే లైటు ఏదైనా, ముఖ్యంగా ఎర్రది, తోడుగా ఉందా? టెంపరేచర్ ముల్లు ఎక్కడుంది? బండి నిలబెట్టి ఇంజిన్ నడుస్తుండగా స్టీరింగ్ మీద చెయ్యి పెడితే ఎప్పటికంటే ఎక్కువ వణుకు తెలుస్తోందా? కాలిన వాసన, పెట్రోల్ వాసన ఏమైనా వస్తే అది కూడా చెప్పండి.


ఉప్పల్_కోకిల | 9:27

చాలా థాంక్స్ అండీ. లైటు నిలకడగానే ఉంది. వేరే లైట్లు లేవు. ముల్లు ఎప్పటిలాగే మధ్యలో ఉంది. వాసన లేదు. వణుకు... చాలా కొంచెం ఉన్నట్టుంది. నా అనుమానం కూడా కావచ్చు. ఇంకోటి ఇప్పుడు గుర్తొచ్చింది, కొర్లపహాడ్ టోల్ దాటాక ఒక లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు పికప్ తగ్గినట్టు అనిపించింది. ఏసీ వల్ల అనుకున్నాను.


ఆటోనగర్_పాతకాపు | 9:36

ఆ చివరి మాట చాలా ముఖ్యం, చెప్పి మంచి పని చేశారు. లోడ్ పడినప్పుడు పికప్ తగ్గడం, కొంచెం వణుకు, ఆ తర్వాత ఈ లైటు. మా భాషలో దీన్ని 'మిస్సింగ్' అంటాం. ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండటం లేదేమో అని నా అనుమానం. చూడకుండా ఖాయంగా చెప్పలేను.

ఇప్పుడైతే వెళ్ళొచ్చు. 70 దాటకండి, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కకండి, ఓవర్‌టేకులు మానుకోండి, వీలైతే ఏసీ తీసేయండి. కోదాడలో చూపించుకోండి, గుడివాడ దాకా ఆగొద్దు. దారిలో ఆ లైటు కొట్టుకోవడం మొదలుపెడితే మాత్రం నేను ఇప్పుడు చెప్పినదంతా వదిలేయండి. వెంటనే కాలు తీసి, నెమ్మదిగా పక్కకి ఆపండి.

పసుపు లైటు 'నన్ను ఎవరికైనా చూపించు' అంటుంది. ఎర్ర లైటు 'ఇక్కడే ఆపు' అంటుంది. చెక్ ఇంజిన్ లైటు పసుపు రంగులోదే అయినా, కొట్టుకుంటే దాన్ని ఎర్ర లైటు కిందే లెక్కపెట్టాలి.


నల్లమల_రైడర్ | 9:41

అక్కా, ఇది చాలా కార్లలో వచ్చేదే. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ పది నిమిషాలు తీసి పెడితే లైటు పోతుంది. నాకు రెండుసార్లు అలాగే పోయింది. స్పానర్ ఉంటే మీరే చేసుకోవచ్చు.


ఆటోనగర్_పాతకాపు | 9:50

తమ్ముడూ, నువ్వు సాయం చేద్దామనే చెప్పావు, కానీ ఆ పని చెయ్యనివ్వకూడదు. ఆ లైటు వెలిగిన క్షణంలో కంప్యూటర్ ఒక కోడ్ రాసి పెట్టుకుంటుంది. దాంతోపాటు అప్పటి స్పీడు, ఇంజిన్ వేడి, లోడ్ కూడా రాసుకుంటుంది. టెర్మినల్ తీస్తే చాలా బండ్లలో అదంతా చెరిగిపోతుంది. జబ్బు అలాగే ఉంటుంది, చీటీ చిరిగిపోతుంది. తర్వాత ఏ మెకానిక్ దగ్గరికి వెళ్ళినా మొదటి నుంచి వెతుక్కోవాల్సిందే.

ఒక్కసారి వచ్చి పోయిన తప్పయితే ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. వరసగా మూడు ప్రయాణాల్లో మళ్ళీ కనిపించకపోతే లైటు దానంతటదే ఆరిపోతుంది. నీకు రెండుసార్లు పోవడం వెనక కారణం అదే అయ్యుండొచ్చు.


డాలస్_తెలుగు | 9:58

ఇక్కడ అమెరికాలో చెక్ ఇంజిన్ లైట్ వస్తే ముందు చూడమనేది పెట్రోల్ ట్యాంక్ మూత. సరిగా బిగించకపోతే ఆవిరి బయటికి పోతుంది, కంప్యూటర్ దాన్ని పట్టుకుని లైటు వేస్తుంది. నాకు పోయిన ఏడాది అదే జరిగింది, కోడ్ పీ0455. మూత బిగించాక కొన్ని రోజులకి లైటు పోయింది. దారిలో పెట్రోల్ కొట్టించారేమో, ఒకసారి చూడండి.


ఆటోనగర్_పాతకాపు | 10:04

మూత చూడటంలో తప్పు లేదు, చూడండి. కాకపోతే అమెరికా కార్లకి ట్యాంక్ ఆవిరి లీకేజీని పసిగట్టే ఏర్పాటు తప్పనిసరి. మన దగ్గర ఓబీడీ, అంటే బండి తన తప్పుల్ని తానే పసిగట్టి లైటు వేసే ఏర్పాటు, యూరప్ పద్ధతిలో వచ్చింది కాబట్టి ఇక్కడి చాలా కార్లలో ఆ పరీక్షే ఉండదు. మూత వదులై లైటు వచ్చిన బండి నా దగ్గరికి ఒక్కటీ రాలేదు. మన దగ్గర నేను ఎక్కువగా చూసేవి ఎలకలు కొరికిన వైర్లు, అరిగిపోయిన ప్లగ్గులు, ప్లగ్గులకి కరెంటు అందించే కాయిళ్ళు పాడవడం, ఆక్సిజన్ సెన్సార్లు. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పెట్టే బండ్లకైతే ఎలకలదే మొదటి స్థానం.


గోదారి_గట్టు | 10:11

ఈ అక్కది పసుపు లైటు కాబట్టి నేను చెప్పబోయేది ఆమెకి కాదు. కానీ ఈ చర్చ చదివేవాళ్ళు చాలామంది ఉంటారని రాస్తున్నాను.

మూడేళ్ళ కింద అమలాపురం వైపు ఒక ఊళ్ళో రాత్రిపూట స్పీడ్ బ్రేకర్ కనిపించలేదు. కింద గట్టిగా తగిలింది. రెండు నిమిషాలకి ఎర్రగా నూనె కూజా బొమ్మ వెలిగింది. ఆయిల్ తగ్గిందేమో, నాలుగు కిలోమీటర్లలో పెట్రోల్ బంకు ఉంది కదా, అక్కడ పోయిద్దాం అనుకున్నాను. ఆ నాలుగు కిలోమీటర్లలో రెండే నడిచింది. ముందు లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు, తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది. ఇంజిన్ సీజ్.

తర్వాత మెకానిక్ చూపించాడు. ఆయిల్ చాంబర్ పగిలింది. ఆ లైటు చెప్పేది ఆయిల్ ఎంత ఉందని కాదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని. అది వెలిగిందంటే అప్పటికే లోపల బేరింగులు నూనె లేకుండా రాసుకుంటున్నాయి. నేను వెంటనే ఆపి ఉంటే చాంబర్ మార్చి ఆయిల్ పోస్తే అయిపోయేది. క్రాంకు, బేరింగులు, మొత్తం ఇంజిన్ పని చేయించాను. మా నాన్న ఎన్నో ఏళ్ళు దాచి కొన్న బండి అది. డబ్బు సంగతి తర్వాత, ఆయన ముందు నిలబడి చెప్పడమే నాకు చాలా కష్టమైంది.

ఆ లైటు వస్తే ఎక్కడున్నా సరే, పొలాల మధ్యైనా సరే, ఇంజిన్ కట్టేయండి. డిప్‌స్టిక్‌లో ఆయిల్ సరిగానే ఉన్నా కూడా మళ్ళీ స్టార్ట్ చేయొద్దు. పంపు పని చేయకపోయినా అదే లైటు వస్తుంది.


ఉప్పల్_కోకిల | 10:24

కొట్టుకుంటోంది. కోదాడ ఇంకా ఆరేడు కిలోమీటర్లు ఉంది. చిన్న ఎత్తు ఎక్కుతుంటే బండి ఊగినట్టయింది, వెంటనే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. పక్కన మట్టి మీద ఆపాను. ఇంజిన్ కట్టేశాను. ఏం చేయాలి?


ఆటోనగర్_పాతకాపు | 10:26

సరిగ్గా చేశారమ్మా. మొదట హజార్డ్ లైట్లు వేయండి, పిల్లల్ని, అమ్మగారిని రోడ్డు వైపు కాకుండా అటు వైపు తలుపు నుంచి దింపి, రోడ్డుకి దూరంగా నిలబెట్టండి. బండి కింద ఎండుగడ్డి, ఆకులు ఉంటే చెప్పండి. ఉంటే కొంచెం ముందుకి, ఖాళీ నేల మీదికి తీయండి. మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో ఉండి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. అది ఎర్రగా కాలిపోయేంత వేడెక్కుతుంది, గడ్డి అంటుకుంటుంది.

ఈ లైటు కొట్టుకోవడానికి అర్థం కూడా అదే. కన్వర్టర్ పాడయ్యేంత మిస్సింగ్ వస్తోందని. దానిలో ప్లాటినం, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి. కాయిల్ అయితే రెండు వేలలో పని అయిపోతుంది, కన్వర్టర్ పోతే పదుల వేలు.


కరీంనగర్_క్యాబ్ | 10:29

అక్కా, హైవే మీద ఉన్నావు కదా, 1033కి ఫోన్ చెయ్యి. నేషనల్ హైవే హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉంటది. దగ్గర్లో ఉన్న పెట్రోలింగ్ బండిని పంపిస్తరు. పోయిన ఎండాకాలం జనగామ దగ్గర నా బండి ఆగితే వాళ్ళే వచ్చి కోన్లు పెట్టి, టోయింగ్ బండి వచ్చేదాకా నిలబడ్డరు. ఇన్సూరెన్స్‌లో రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఉందేమో పాలసీ కాగితంలో చూడు, చాలామందికి ఉన్నట్టే తెలియదు.


ఉప్పల్_కోకిల | 10:33

కింద మట్టే, గడ్డి లేదు. పిల్లలు చెట్టు కింద ఉన్నారు. 1033కి చేశాను, వస్తున్నామన్నారు. ఇన్సూరెన్స్‌లో కూడా ఉంది, ఇప్పుడే చూశాను. ఇంత దూరంలో ఉండి ఇంత త్వరగా జవాబిస్తున్నారు, చాలా ధైర్యంగా ఉంది.


ఉప్పల్_కోకిల | మధ్యాహ్నం 12:40

కోదాడలో ఒక వర్క్‌షాప్‌కి లాక్కొచ్చారు. ఆయన స్కానర్ పెట్టి, సెన్సార్ ప్రాబ్లం, ఆక్సిజన్ సెన్సార్ మార్చాలి, మొత్తం ఏడు వేల దాకా అవుతుంది, హైదరాబాద్ నుంచి రేపటికి తెప్పిస్తాను అంటున్నారు. లేదంటే ఎరేజ్ చేసి ఇస్తాను, మెల్లగా పొండి అంటున్నారు. ఆయన మంచిగానే మాట్లాడుతున్నారు, నాకేమో ఏమీ తెలియదు. ఏం చేయమంటారు?


ఆటోనగర్_పాతకాపు | 12:46

ఎరేజ్ చేయనివ్వకండి. ఆయన్ని నొప్పించకుండా ఒక్క మాట అడగండి, 'స్కానర్‌లో కోడ్ నంబరు ఏమొచ్చింది' అని. పీ అక్షరం తర్వాత నాలుగు అంకెలు ఉంటాయి. ఫోటో తీసి ఆ నంబరు ఇక్కడ రాయండి.


ఉప్పల్_కోకిల | 12:52

రెండు ఉన్నాయి. పీ0303, పీ0171.


ఆటోనగర్_పాతకాపు | 1:03

ఇప్పుడు విషయం తేటగా ఉంది. పీ0303 అంటే మూడో సిలిండర్‌లో మిస్సింగ్. పీ0171 అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని ఆక్సిజన్ సెన్సార్ చెప్పిన మాట. ఒక సిలిండర్ మండకపోతే అందులోని గాలి వాడకుండానే బయటికి వస్తుంది. సెన్సార్ ఆ ఆక్సిజన్‌ని చూసి, పెట్రోల్ తక్కువైందనుకుంది. సెన్సార్ బాగానే పని చేసి ఉండొచ్చు, ఉన్నదే చెప్పింది. చాలామంది ఇక్కడే పొరపడతారు. కోడ్ చెప్పేది తప్పు ఎక్కడ కనిపించిందో, ఏ సామాను మార్చాలో కాదు.

ఆయన్ని ఇలా చేయమనండి. ఇంజిన్ ఆపి, మూడో సిలిండర్ మీది కాయిల్ తీసి రెండో దాని మీద, రెండో దానిది మూడో దాని మీద పెట్టాలి. పది నిమిషాల పని. తర్వాత కోడ్లు తుడిచి కొద్దిసేపు నడిపి మళ్ళీ స్కాన్ చేయాలి. ఈసారి పీ0302 వస్తే జబ్బు కాయిల్‌తో పాటు కదిలింది, అంటే కాయిలే పోయింది. మళ్ళీ పీ0303 వస్తే కాయిల్ మంచిదే, అప్పుడు ప్లగ్గు, ఇంజెక్టర్ చూడాలి. ఇప్పుడు తుడవమన్నది పరీక్ష కోసం, నంబరు రాసుకున్నాక. ఉదయం వద్దన్నది నంబరు తెలియకుండా తుడవడం.


కరీంనగర్_క్యాబ్ | 1:10

ఇది నేను కూడా రాసుకుంటున్న అన్నా. మా దగ్గర బయట సీఎన్‌జీ కిట్టు పెట్టించిన బండ్లకి ఈ పీ0171 తరచుగా వస్తది. గ్యాస్ సెట్టింగ్ సరిగా చేయకనే లైటు వచ్చిందని తెలియక సెన్సార్లు మార్పించుకున్నవాళ్ళు నాకు తెలుసు.


ఉప్పల్_కోకిల | సాయంత్రం 4:15

పీ0302 వచ్చింది! కాయిలే. వర్క్‌షాప్ ఆయన కూడా చూసి, 'అవునమ్మా, మీరు చెప్పిందే కరెక్ట్' అన్నారు. ఖమ్మం నుంచి బస్సులో కాయిల్ తెప్పించారు. ప్లగ్గులు తీసి చూపిస్తే నాలుగూ అరిగిపోయి ఉన్నాయి. సర్వీసు పుస్తకం మొత్తం తిరగేశాను, 71 వేలలో ఒక్కసారి కూడా మార్చినట్టు లేదు. కాయిల్ 2,150, ప్లగ్గులు, పని అన్నీ కలిపి 3,900 అయింది. లైటు పోయింది. బయల్దేరుతున్నాం.

ఒక సందేహం. ప్లగ్గులు మార్చకపోవడం వల్లే కాయిల్ పోయిందా?


ఆటోనగర్_పాతకాపు | 4:31

చాలావరకు అదే అయ్యుంటుంది. ప్లగ్గు మొన అరిగేకొద్దీ నిప్పురవ్వ దూకాల్సిన ఎడం పెరుగుతుంది. అంత ఎడం దాటించడానికి కాయిల్ ఎక్కువ ఓల్టేజీ పుట్టించాలి. నెలల తరబడి అలా కష్టపడి ఎక్కడో లోపల చీలుతుంది. మామూలు ప్లగ్గులు 40 వేల దగ్గర మార్చుకోవాలి. ఇరిడియం ప్లగ్గులైతే లక్ష దాకా వస్తాయి. మీకు వేసినవి ఏవో బిల్లు మీద రాయించుకోండి. జాగ్రత్తగా వెళ్ళి రండి.


శ్రీశైలం_దారి | ఆదివారం ఉదయం 7:50

కోకిల గారూ, క్షేమంగా చేరుంటారు. ఘాట్ రోడ్డు మీద నాకు జరిగింది చెబుతాను, ఇది చాలామంది పట్టించుకోని లైటు.

శ్రీశైలం నుంచి దిగుతుంటే ప్రతి మలుపులో ఒక్క క్షణం ఎర్రగా గుండ్రటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం, వెలిగి ఆరిపోయేది. హ్యాండ్ బ్రేక్ సరిగా దిగలేదేమో అని రెండుసార్లు లాగి వదిలాను. అయినా మలుపు రాగానే అదే. దోర్నాలలో ఆపి బానెట్ ఎత్తితే బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బాలో మట్టం కనీస గీత కంటే కిందికి ఉంది. మలుపులో ఫ్లూయిడ్ ఒక పక్కకి ఒరిగినప్పుడు లైటు వస్తోందన్నమాట.

అక్కడ ఒకాయన ఫ్లూయిడ్ పోసి పంపేద్దామన్నాడు. నేను చక్రాలు విప్పి చూడమన్నాను. ముందు బ్రేక్ ప్యాడ్లు ఇనుము కనిపించేంత అరిగిపోయాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి వస్తాయి, ఆ ఖాళీలోకి ఫ్లూయిడ్ పోతుంది, డబ్బాలో తగ్గుతుంది. పైన పోసి ఊరుకుని ఉంటే లైటు పోయేది, బ్రేకులు మాత్రం ఆ లోయ పక్కన అలాగే ఉండేవి.

కొండ దిగేటప్పుడు ఈ లైటు వస్తే బ్రేకు మీద కాలు పెట్టి ఉంచొద్దు, తక్కువ గేర్లోకి వచ్చి ఇంజిన్ పట్టుతో దిగండి, మొదటి వెడల్పు చోట ఆగండి. పెడల్ మెత్తగా, లోపలికి దిగిపోతున్నట్టు ఉంటే ఒక్క అడుగు కూడా నడపకండి.


మేడ్చల్_టీచర్ | 8:20

నాకు పసుపు ఏబీఎస్ లైటు వారం నుంచి ఉంది. అది కూడా ప్రమాదమేనా?


శ్రీశైలం_దారి | 8:34

ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పని చేస్తాయి, కానీ గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు లాక్ కాకుండా కాపాడేది ఉండదు. వానరోడ్డు మీద బాగా ఎడం పెట్టుకుని, ఈ వారంలోనే చూపించండి. ఎక్కువసార్లు చక్రం దగ్గర సెన్సార్‌కి మట్టి పట్టడమో వైరు తెగడమో ఉంటుంది. ఏబీఎస్‌తో పాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా వెలిగితే మాత్రం బండి తీయొద్దు.


సింగ్‌నగర్_వాసి | 9:15

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలో కార్లన్నీ మునిగాయి. మాది సీట్ల దాకా. నీళ్ళు తీశాక మా పక్కింటాయన ఆతృతకొద్దీ తాళం తిప్పి సెల్ఫ్ కొట్టాడు. ఇంజిన్ లోపల నీళ్ళుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. నీళ్ళున్నాక స్టార్ట్ చేశారు కాబట్టి, ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ లేదు కాబట్టి, ఇన్సూరెన్స్ వాళ్ళు ఇంజిన్‌కి ఇవ్వలేదు.

నేను బ్యాటరీ విప్పించి లాగించాను, ఇంజిన్ బతికింది. కానీ తర్వాత రెండు నెలలు ఒక్కో లైటు వస్తూనే ఉంది. ముందు ఎయిర్‌బ్యాగ్ లైటు. సీటు కింద ఉండే కనెక్టర్లకి పచ్చటి చిలుము పట్టింది. తర్వాత స్టీరింగ్ బొమ్మ, ఒకరోజు ఏలూరు రోడ్డు మీద స్టీరింగ్ ఒక్కసారిగా బరువైంది. మునిగిన బండికి లైటు వస్తే చిన్నదని వదలొద్దు. ఎయిర్‌బ్యాగ్ లైటుతో బండి హాయిగా నడుస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. అది వెలుగుతున్నంత సేపు ప్రమాదంలో బ్యాగు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. నా భార్య ఆ సీట్లోనే కూర్చుంటుంది.


కొండాపూర్_డీజిల్ | 10:40

బీఎస్6 డీజిల్ బండ్లున్నవాళ్ళకి ఒక మాట. ఇంటి నుంచి ఆఫీసుకి నాకు ఆరు కిలోమీటర్లు, ట్రాఫిక్‌లో ముప్పావు గంట. ఏడాదికే సైలెన్సర్‌లాంటి డబ్బాలో చుక్కలున్న పసుపు బొమ్మ వచ్చింది. డీపీఎఫ్, పొగలోని మసిని పట్టే ఫిల్టర్. అది దానంతటదే శుభ్రం కావాలంటే లోపల 600 డిగ్రీల దాకా వేడెక్కి మసి కాలిపోవాలి. నా ఆరు కిలోమీటర్లలో అది ఎప్పుడూ జరగదు.

లైటు వచ్చిన రోజే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, ఒకే స్పీడులో 25 నిమిషాలు నడిపాను, ఆరిపోయింది. ఇది ఇంకా మెకానిక్ అక్కర్లేని దశ. అదే లైటుని నా స్నేహితుడు నెల రోజులు వదిలేశాడు. తర్వాత చెక్ ఇంజిన్ లైటు తోడైంది, బండి 40 దాటడం మానేసింది. అప్పటికి ఔటర్ మీద తిప్పినా ఫలితం ఉండదు, వర్క్‌షాప్‌లో స్కానర్‌తోనే కాల్చాలి. ఆయన ఇంజిన్ ఆయిల్ కూడా మార్చాల్సి వచ్చింది. మధ్యలో ఆగిపోయిన ప్రయత్నాల వల్ల డీజిల్ ఆయిల్‌లో కలిసి డిప్‌స్టిక్‌లో మట్టం పెరిగింది. ఆయిల్ పెరగడం మంచిదనుకోవద్దు.


నల్లమల_రైడర్ | 11:05

నిన్న నేను చెప్పింది తప్పని ఒప్పుకుంటున్నాను. ఆటోనగర్ అన్నా, ఒక సందేహం. సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నాను. మీటర్‌లో ఒక్క లైటు కూడా లేదు. నమ్మొచ్చా?


ఆటోనగర్_పాతకాపు | 11:30

తాళం ఆన్ వరకు మాత్రమే తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా చూడు. చెక్ ఇంజిన్, ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, అన్నీ వెలగాలి. స్టార్ట్ చేశాక ఒక్కొక్కటే ఆరాలి. తాళం తిప్పినప్పుడే ఏదైనా వెలగకపోతే ఆ బల్బు తీసేసో, మూసేసో ఉంటారు. నేను బోర్డు విప్పినప్పుడు నల్ల టేపు అంటించినవి చూశాను.

ఇంకోటి, వెయ్యి రూపాయల లోపు దొరికే చిన్న ఓబీడీ స్కానర్ తీసుకెళ్ళు. 2013 ఏప్రిల్ తర్వాత మోడల్ అయితే స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. కోడ్లు లేకపోయినా 'రెడీనెస్' అనే పేజీ చూడు, కంప్యూటర్ తన పరీక్షలు పూర్తి చేసిందో లేదో అందులో ఉంటుంది. అందులో చాలావరకు 'నాట్ రెడీ' అని ఉంటే నిన్నో మొన్నో తుడిచారని అర్థం. ఇంకో వారం నడిపాక మళ్ళీ చూస్తానని చెప్పు. ఒప్పుకోకపోతే ఆ బండి వదిలెయ్.


డాలస్_తెలుగు | 11:48

ఇది నిజం. ఇక్కడ మా కౌంటీలో ఎమిషన్ టెస్టుకి వెళ్ళే ముందు కోడ్ తుడిచి వెళ్తే, రెడీ కాలేదని వెనక్కి పంపేస్తారు.


పిఠాపురం_మాస్టారు | మధ్యాహ్నం 2:10

నేను రిటైర్డ్ టీచర్ని. అబ్బాయి కొనిచ్చిన చిన్న కారు. దీనికి టెంపరేచర్ ముల్లు లేదు. ఉదయం తీయగానే నీలం రంగు థర్మామీటర్ బొమ్మ వస్తుంది. అది మామూలేనని షోరూంలో చెప్పారు. కానీ ఈ నెల రోజులుగా కాకినాడ వెళ్ళేదాకా కూడా ఆరడం లేదు. మైలేజీ కూడా తగ్గింది. నీలమే కదా అని ఊరుకున్నాను.


ఆటోనగర్_పాతకాపు | 2:35

మాస్టారూ నమస్కారం. నీలం అంటే ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని. మన ఎండలకి రెండు మూడు నిమిషాల్లో పోవాలి. కాకినాడ దాకా పోవడం లేదంటే రేడియేటర్‌కి నీళ్ళ దారిని మూసి తెరిచే థర్మోస్టాట్ తెరుచుకున్న చోటే ఇరుక్కుని ఉండొచ్చు. నీళ్ళు ఎప్పుడూ రేడియేటర్ గుండా తిరిగి ఇంజిన్‌ని వేడెక్కనివ్వవు. ఇంజిన్ చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజీ అందుకే తగ్గింది. రోడ్డు మీద ఆగిపోయే జబ్బు కాదు, తొందర లేదు, కానీ ఈ నెలలో చూపించండి.

అదే బొమ్మ ఎర్రగా వస్తే మాత్రం వెంటనే ఆపి, ఇంజిన్ కట్టేసి, కనీసం ముప్పావు గంట మూత ముట్టుకోకండి. లోపల ఒత్తిడితో మరుగుతున్న నీళ్ళు ముఖం మీదికి కొడతాయి. కాలిన ఇంజిన్ మీద చన్నీళ్ళు పోయకండి, హెడ్ వంగిపోతుంది.


ఉప్పల్_కోకిల | సోమవారం రాత్రి 9:30

ఇంటికి చేరాం. గృహప్రవేశం బాగా జరిగింది. వెళ్ళేటప్పుడు దాదాపు ఆరు గంటలు ఆలస్యమైనా పాలు పొంగించే వేళకి అమ్మ అక్కడే ఉంది, నాకది చాలు. తిరుగు ప్రయాణంలో 300 కిలోమీటర్లకి పైగా ఒక్క లైటూ రాలేదు, లారీని దాటేటప్పుడు పికప్ కూడా మునుపటిలా ఉంది. తీసేసిన కాయిల్ తెచ్చుకున్నాను, పక్కన సన్నటి చీలిక కనిపిస్తోంది. పిల్లలకి చూపించి అది ఏం చేస్తుందో చెప్పాను. కోదాడలో ఆ వర్క్‌షాప్ ఆయన వస్తూ ఆగితే డబ్బులు తీసుకోకుండా మళ్ళీ స్కాన్ చేసి ఇచ్చారు.


పిఠాపురం_మాస్టారు | శనివారం ఉదయం 10:05

ఆటోనగర్ బాబూ, థర్మోస్టాటే. తెరుచుకునే ఉండిపోయింది, నిన్న మార్చారు. ఈ ఉదయం బండి తీస్తే మా వీధి చివర మలుపు తిరిగేలోపే నీలం లైటు ఆరిపోయింది.